స్పానిష్ భూతకాలం: ‘ఇంపెర్ఫెక్తో’ను ‘చేసేవాణ్ణి’తో సరిపెట్టుకోవచ్చా?

అలమో_అమ్మాయి

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా క్లినిక్కుకు వచ్చేవారిలో చాలామంది ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారే. వారితో నేరుగా మాట్లాడాలని సాయంకాలపు తరగతిలో చేరి, వర్తమానకాలం దాకా బాగానే నెట్టుకొచ్చాను. భూతకాలం దగ్గర మాత్రం చిక్కుముడి పడింది. అక్కడ ఒకే క్రియకు ‘ఆబ్లే’ అనీ ‘ఆబ్లాబా’ అనీ రెండు రూపాలున్నాయి. మొదటిది ఇందెఫినీదో, రెండవది ఇంపెర్ఫెక్తో. ఒక్కసారి జరిగి అయిపోయిన పనికి మొదటిది వాడాలనీ, ఎక్కువకాలం సాగిన పనికీ అలవాటుకూ రెండవది వాడాలనీ తరగతిలో సూత్రం చెప్పారు. తెలుగులో ‘మాట్లాడాను’, ‘మాట్లాడేదాన్ని’ అని మనకూ రెండు ఉన్నాయి కదా, ఇది మనకు తేలికేననుకున్నాను.

తీరా రోగుల మాట వింటే ఆ సూత్రం నిలవడం లేదు. మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దాయన ‘బిబీ బెయింతె ఆన్యోస్ ఎన్ మోంతెర్రేయ్’ అన్నారు. మోంతెర్రేయ్‌లో ఇరవై ఏళ్ళు నివసించానని దానర్థం. ఆయనే తన జ్వరం గురించి చెబుతూ ‘తేనీయా ఫియెబ్రె’ అన్నారు. ఆ జ్వరం ఒక్క రాత్రి ఉండి పోయిందట. ఇరవై ఏళ్ళ కాపురానికి ఇందెఫినీదో, ఒక్క రాత్రి జ్వరానికి ఇంపెర్ఫెక్తో! ఈ లెక్క ఏమిటో తెలిసినవారు వివరించగలరా?

స్పానిష్ మాటలను వినిపించినట్టుగా తెలుగులో రాస్తున్నాను. ఆ భాషలో ‘బి’, ‘వి’ అక్షరాలకు ఒకటే ధ్వని, ‘హెచ్’ పలకదు. కాబట్టి వ్రాతలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వ్యాకరణపిపాసి

మీ పెద్దాయన రెండు వాక్యాలూ సరైనవే. తప్పంతా సూత్రానిది. ఆ పని ఎంతకాలం సాగిందన్నదానితో ఈ రెండు రూపాలకూ సంబంధం లేదు. మాట్లాడేవారు ఆ పనిని మొదలూ చివరా కలిపి ఒక ముద్దగా చూస్తే ఇందెఫినీదో వస్తుంది. మొదలునూ చివరనూ పక్కన పెట్టి, అది సాగుతున్న స్థితిని మాత్రమే చూపితే ఇంపెర్ఫెక్తో వస్తుంది. ఇరవై ఏళ్ళు అని కాలం కొలిచి చెప్పగానే దానికి హద్దు ఏర్పడింది, అందువల్ల ‘బిబీ’ అన్నారు. జ్వరం విషయంలో ఆయన దాని పొడవును చెప్పడం లేదు, ఆ రాత్రి తన పరిస్థితి ఎలా ఉందో చెబుతున్నారు, అందువల్ల ‘తేనీయా’ అన్నారు. అదే జ్వరం గురించి ‘మూడు రోజులు జ్వరం వచ్చింది’ అని చెప్పవలసి వస్తే ‘తూబె ఫియెబ్రె త్రెస్ దీయాస్’ అనేవారు.

తెలుగును తోడు తెచ్చుకోవడం మంచిదే. మనం కూడా ‘మోంతెర్రేయ్‌లో ఇరవై ఏళ్ళు ఉన్నాను’ అంటాం గాని ‘ఇరవై ఏళ్ళు ఉండేవాణ్ణి’ అనం. కాలం కొలవకుండా ‘ఆ రోజుల్లో మోంతెర్రేయ్‌లో ఉండేవాణ్ణి’ అంటాం. స్పానిష్ వారు చేస్తున్నదీ ఇదే.

గోదారిగట్టు

‘ఉండు’ అనే క్రియకు ఇంపెర్ఫెక్తో రూపం ‘ఏరా’ అని మొదటిసారి విన్నప్పుడు మా మాస్టారు నన్నే పిలుస్తున్నారనుకున్నాను. ఈ ఒక్క రూపం మాత్రం జన్మలో మరిచిపోను.

మద్రిద్‌లో_మజ్జిగ

పిపాసి గారి మొదటి పేరాతో నాకు పేచీ లేదు. రెండవ పేరా దగ్గర మాత్రం ఆగుతాను. ఇంపెర్ఫెక్తోకు తెలుగులో ‘-ఏవాడు’, ‘-ఏది’ రూపాన్ని జత కట్టి నేర్చుకున్నవారు ఆ రూపం వినిపించని చోటల్లా ఇందెఫినీదో వాడేస్తారు. ఇక్కడ మద్రిద్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలలో ఈ పొరపాటు నాకు తరచుగా కనిపిస్తుంది.

ఇంపెర్ఫెక్తో చేసే పనులు ప్రధానంగా మూడు. ఒకటి అలవాటు, దానికి ‘-ఏవాడు’ చక్కగా సరిపోతుంది. రెండవది వర్ణన. ‘నిన్న ఆమె పచ్చ చీరలో ఉంది, ఇల్లంతా చీకటిగా ఉంది’ అని తెలుగులో చెబుతాం గాని ‘చీకటిగా ఉండేది’ అనం, అలా అంటే ప్రతిరోజూ చీకటే అన్న అర్థం వస్తుంది. స్పానిష్‌లో మాత్రం అక్కడ ‘ఎస్తాబా’ అనే ఇంపెర్ఫెక్తోయే రావాలి. మూడవది మరొక పని జరిగే వేళకు సాగుతూ ఉన్న పని. ‘మేం ఇల్లు చేరేసరికి వాన పడుతోంది’ అంటాం. గమనించండి, జరిగిపోయిన సంగతికి తెలుగు ఇక్కడ వర్తమానంలో వాడే రూపాన్నే వాడుతోంది. స్పానిష్‌లో ‘క్వాందో యెగామోస్ ఆ కాసా, యోబీయా’. చేరడం ఇందెఫినీదో, వాన ఇంపెర్ఫెక్తో. అంటే స్పానిష్‌లోని ఒక్క రూపానికి తెలుగులో ‘పడేది’, ‘ఉంది’, ‘పడుతోంది’ అనే మూడు వేర్వేరు ముఖాలున్నాయి. వాటిలో ఒకదాన్నే పట్టుకుంటే మిగిలిన రెండూ చేజారుతాయి.

అలమో_అమ్మాయి

మజ్జిగ గారూ, ఈ మూడు ముఖాల మాట మా తరగతిలో ఎవరూ చెప్పలేదు. అయితే తెలుగులో ఆలోచించడం మానేయాలంటారా?

మద్రిద్‌లో_మజ్జిగ

మానేయనక్కరలేదు, ప్రశ్న మార్చుకుంటే చాలు. ‘ఇక్కడ తెలుగులో ఏ రూపం వస్తుంది’ అని అడగడానికి బదులు, ‘ఈ వాక్యానికి ముందు “నేను వెళ్ళేసరికి” అని చేర్చితే అర్థం చెడకుండా నిలుస్తుందా’ అని అడగండి. ‘నేను వెళ్ళేసరికి వాన పడుతోంది, ఇల్లు చీకటిగా ఉంది, ఆయనకు జ్వరంగా ఉంది’, ఇవన్నీ నిలుస్తాయి, ఇవన్నీ ఇంపెర్ఫెక్తో. ‘నేను వెళ్ళేసరికి ఆయన ఇరవై ఏళ్ళు నివసించాడు’ నిలవదు. అలవాట్లకు ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ మీ ‘-ఏవాడు’ ఎలాగూ ఉంది.

పరీక్షలపక్షి

మీరంతా దీన్ని తత్త్వశాస్త్రం చేస్తున్నారు. స్పానిష్ ఎంత వచ్చో చూసే డెలె పరీక్షకు ఎ2 అనే ప్రాథమిక స్థాయిలోనే ఈ రెండు రూపాలూ రావాలి, హాలులో కూర్చుని మొదలూ చివరా చూసేంత తీరిక ఎవరికీ ఉండదు. గుర్తు మాటల పట్టిక కంఠస్థం చేయడమే మార్గం. ‘ఆయెర్’ అంటే నిన్న, ‘ఎల్ ఆన్యో పసాదో’ అంటే నిరుడు, ఇవి కనిపిస్తే ఇందెఫినీదో. ‘సియెంప్రె’ అంటే ఎప్పుడూ, ‘తోదోస్ లోస్ దీయాస్’ అంటే ప్రతిరోజూ, ఇవి కనిపిస్తే ఇంపెర్ఫెక్తో. నేను ఈ పట్టికతోనే గట్టెక్కాను.

వ్యాకరణపిపాసి

పక్షి గారూ, ఆ పట్టికతో పరీక్ష గట్టెక్కుతుంది, సంభాషణ గట్టెక్కదు. ‘ఆయెర్ యోబీయా క్వాందో సాలీ’ అన్నది నిక్షేపమైన వాక్యం. నిన్న నేను బయలుదేరేటప్పటికి వాన పడుతోందని దానర్థం. ‘ఆయెర్’ ఉన్నా వానకు ఇంపెర్ఫెక్తో వచ్చింది. ‘సియెంప్రె తె కీసె’ అన్నదీ మంచి వాక్యమే. నిన్ను ఎప్పుడూ ప్రేమించాను అని ఆ ప్రేమనంతా ఒక్కచోట కూడగట్టి చెబుతున్నారు. ‘సియెంప్రె’ ఉన్నా ఇందెఫినీదో వచ్చింది. ‘ఆ వేసవిలో ప్రతిరోజూ సముద్రానికి వెళ్ళాను’ అన్నచోట కూడా వేసవిని ముగిసిన ఒకే గడువుగా చూస్తే ‘ఫుయి’ అనవచ్చు. గుర్తు మాటలు సాక్ష్యం చెబుతాయి, తీర్పు మాత్రం ఇవ్వవు.

పరీక్షలపక్షి

అటువంటి వాక్యాలు ఎ2లో అడగరు. అయినా మీ ‘సియెంప్రె తె కీసె’ రాసిపెట్టుకున్నాను, ఆ పై స్థాయి బి1కి పనికివస్తుంది.

అనంతసీమ

మాది అనంతపురం. ఇక్కడి పిల్లలు స్పెయిన్‌లోని దాతలకు రాసే ఉత్తరాలను స్పానిష్‌లోకి మార్చే పని కొంతకాలం చేశాను. అలమో అమ్మాయి గారి ఇరవై ఏళ్ళ ప్రశ్న చూడగానే మా ఊరివారందరికీ తెలిసిన ఒక జీవితం గుర్తుకు వచ్చింది. ఈ రెండు రూపాల తేడాను కొత్తగా చేరినవారికి నేను దానితోనే చెప్పేవాణ్ణి.

విసెంతె ఫెర్రెర్ 1920లో బార్సిలోనాలో పుట్టారు, ‘నాసియో’. 1952లో భారతదేశానికి వచ్చారు, ‘యెగో’. 1969లో అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించారు, ‘ఫుందో’. 2009లో ఇక్కడే కన్నుమూశారు, ‘మురియో’. ఇక ఈ ఊరిలో ఆయన గడిపిన నలభై ఏళ్ళకు ఏ రూపం రావాలని అడిగితే, కొత్తవారందరూ ‘బిబీయా’ అనేవారు, నలభై ఏళ్ళు మరి తక్కువ కాలమా అని. రావలసింది ‘బిబియో క్వారెంతా ఆన్యోస్ ఎన్ అనంతపూర్’. పుట్టుక ఎంత పూర్తయిన సంగతో, నలభై ఏళ్ళ నివాసమూ అంతే పూర్తయిన సంగతి. జీవితచరిత్రకు వెన్నెముకలా నిలిచే ఈ వాక్యాలన్నీ ఇందెఫినీదోలోనే నడుస్తాయి.

ఇంపెర్ఫెక్తో ఎక్కడ ప్రవేశిస్తుందంటే, ఆయన వచ్చేనాటికి జిల్లా ఎలా ఉందో చెప్పేచోట. ‘యోబీయా పోకో’, అంటే వానలు తక్కువగా పడేవి. ‘మూచోస్ నీన్యోస్ నో ఈబాన్ ఆ లా ఎస్క్వేలా’, అంటే చాలామంది పిల్లలు బడికి వెళ్ళేవారు కాదు. ఈ వాక్యాలలో కథ ముందుకు కదలదు, కథ జరిగిన నేల కనిపిస్తుంది. ఇక్కడ పొరపాటున ‘యోబియో పోకో’ అని రాస్తే, ఆ ఒక్క ఏడాది వానలు తక్కువయ్యాయని స్పెయిన్‌లోని పాఠకుడు అనుకుంటాడు. కరువు మా జిల్లాకు పాత చుట్టం. దాన్ని ఒక ఏడాది సంఘటనగా కుదించే రూపం వాడితే చెప్పదలచిన విషయమే మారిపోతుంది.

పిల్లల ఉత్తరాలలో మరొక ఇబ్బంది ఉండేది. ‘మా నాన్న వేరుశనగ పొలంలో పనిచేసేవాడు’ అని పిల్లవాడు రాస్తే, నేను ‘త్రాబహాబా’ అని మార్చేవాణ్ణి. అది సరైన అనువాదమే. అయితే ఆ ఇంపెర్ఫెక్తో, మన ‘-ఏవాడు’ లాగానే, ‘మరి ఇప్పుడో?’ అన్న ప్రశ్నను వెంట తెస్తుంది. తండ్రి ఉన్నాడా, పని మానేశాడా, వలస వెళ్ళాడా అని చదివేవారికి సందేహం కలుగుతుంది. అందువల్ల తరువాతి వాక్యంలో ఇప్పటి సంగతి ఉందో లేదో చూసుకుని, లేకపోతే పిల్లవాడిని అడిగి చేర్చేవాళ్ళం.

కృష్ణాతీరం

అనంతసీమ గారి ఉదాహరణను నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను. ‘యోబీయా’, ‘యోబియో’ మధ్య ఇంత దూరం ఉందా! చెవికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి.

అలమో_అమ్మాయి

‘వెన్నెముక’ అన్నారు, అది నా వృత్తికి దగ్గరి మాట! ఇప్పుడు నా అసలు అవసరానికి వస్తాను. రోగిని ‘మందులేమైనా వాడారా’ అని అడగడానికి ‘తోమో’ అనాలా, ‘తోమాబా’ అనాలా? నొప్పి గురించి అడిగినప్పుడు కొందరు ‘మె దోలీయా’ అంటారు, కొందరు ‘మె దోలియో’ అంటారు. ఆ తేడాను నేను పట్టించుకోవాలా?

గోదారిగట్టు

అక్కడ మందులు కూడా తోముతారా?

గ్వాదలహారా_గోపన్న

గట్టు గారూ, తోమరు, మింగుతారు. అలమో అమ్మాయి గారూ, మీరు తప్పక పట్టించుకోవాలి. మెక్సికోలోని గ్వాదలహారాలో కొన్నేళ్ళుగా ఉంటున్నాను, మా అమ్మాయిని ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడల్లా ఈ రెండు రూపాల మధ్యనే మాట నడుస్తుంది. ‘తోమాబా ఆల్గూనా మెదిసీనా?’ అంటే ఏమైనా మందులు వాడుతూ ఉండేవారా అని, అంటే రోజువారీ మందుల సంగతి. ‘తోమో ఆల్గూనా మెదిసీనా?’ అంటే ఈ నొప్పికి ఏదైనా మందు వేసుకున్నారా అని. మొదటి ప్రశ్నకు రక్తపోటు మాత్ర జవాబుగా వస్తుంది, రెండవదానికి నిన్న రాత్రి వేసుకున్న నొప్పి మాత్ర వస్తుంది. మీకు రెండూ కావాలి కాబట్టి రెండూ అడగండి.

నొప్పి విషయంలోనూ అంతే. ‘మె దోలీయా’ అన్నవారు ఇంకా చెప్పవలసింది మిగిలి ఉన్నట్టే. నొప్పిగా ఉండేది, లేక నొప్పిగా ఉంది, అప్పుడు ఏదో చేశాను లేదా ఏదో జరిగింది అని వాక్యం ముందుకు సాగుతుంది. మధ్యలో అడ్డుపడకుండా ఆ మిగతా సగం వినండి. ‘మె దోలియో’ అన్నవారు నొప్పి పుట్టింది, తగ్గింది అని ఒక సంఘటనగా చెబుతున్నారు.

వ్యాకరణపిపాసి

దీనికి ఒక మెలిక ఉంది. ‘తోమాబా’ అన్నది ‘నేను వాడేదాన్ని’, ‘ఆమె వాడేది’, ‘మీరు వాడేవారు’ అన్న మూడింటికీ ఒకటే రూపం. ఇందెఫినీదోలో నేను అయితే ‘తోమే’, ఆమె లేదా మీరు అయితే ‘తోమో’ అని తేడా తెలుస్తుంది. తల్లి పక్కన కూర్చుని బిడ్డ తరఫున జవాబు చెబుతున్నప్పుడు ఇంపెర్ఫెక్తో వాక్యంలో కర్త ఎవరో తేలకపోవచ్చు. అక్కడ ‘యో’, ‘ఎయా’, ‘ఉస్తెద్’ అనే సర్వనామాన్ని తప్పనిసరిగా అడిగి ఖాయం చేసుకోండి. స్పానిష్‌లో సర్వనామం తరచుగా వదిలేస్తారన్న పాఠాన్ని ఇక్కడ పక్కన పెట్టవలసిందే.

పరీక్షలపక్షి

ఆ రూపానికి ఒక మంచి గుణం కూడా చెప్పాలి. ఇంపెర్ఫెక్తోలో నియమం తప్పే క్రియలు మూడే మూడు: ఉండు అనే ‘సెర్’, వెళ్ళు అనే ‘ఈర్’, చూడు అనే ‘బెర్’. వాటి రూపాలు ‘ఏరా’, ‘ఈబా’, ‘బెయీయా’. మిగిలిన క్రియలన్నీ ‘-ఆబా’ లేదా ‘-ఈయా’ చేర్చుకుని బుద్ధిగా నడుస్తాయి. ఇందెఫినీదోలో ‘తూబె’, ‘ఎస్తూబె’, ‘ఈసె’, ‘దీహె’, ‘పూసె’, ‘బీనె’ అంటూ ప్రతి మామూలు క్రియా మొండికేస్తుంది. దానికి తోడు ‘సెర్’కూ ‘ఈర్’కూ కలిపి ‘ఫుయి’ ఒక్కటే. నేర్చుకోవడానికి తేలికైన రూపం వాడడానికి కష్టం, నేర్చుకోవడానికి కష్టమైన రూపం వాడడానికి తేలిక.

కృష్ణాతీరం

‘తెలుసుకొను’ అనే ‘సబెర్’ క్రియకు రెండు రూపాలకూ రెండు అర్థాలున్నాయని మా పుస్తకంలో ఒక పెట్టె కట్టి ఇచ్చారు. అది మినహాయింపా?

వ్యాకరణపిపాసి

మినహాయింపు కాదు. ఇప్పటిదాకా చెప్పుకున్న తేడాయే అక్కడ పరాకాష్ఠకు చేరుతుంది. తెలుగువారు ఇతరులకంటే హాయిగా దాటగలిగిన చోటు కూడా ఇదే. ‘ఆ సంగతి నాకు ముందే తెలుసు’ అన్నప్పటి ‘తెలుసు’కు స్పానిష్‌లో ‘సబీయా’. ‘ఆ సంగతి నాకు నిన్న తెలిసింది’ అన్నప్పటి ‘తెలిసింది’కి ‘సూపె’. ఎరుక అనే స్థితి ఇంపెర్ఫెక్తో, ఎరుక కలిగిన క్షణం ఇందెఫినీదో. మనుషుల విషయంలో వాడే ‘కొనొసెర్’ కూడా అంతే. ‘ఆయన నాకు అప్పటికే తెలుసు’ అంటే ‘కొనొసీయా’, ‘ఆయన నాకు లీమాలో పరిచయమయ్యాడు’ అంటే ‘కొనొసీ’. తెలుగులో దీనికి రెండు వేర్వేరు మాటలు ఎలాగూ ఉన్నాయి, కొత్తగా నేర్చుకోవలసిన ఊహ ఏమీ లేదు.

మద్రిద్‌లో_మజ్జిగ

ఇక్కడ మాత్రం పిపాసి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ‘కొరుకొను’ అనే అర్థంలో వచ్చే ‘కెరెర్’, చేయగలగడాన్ని చెప్పే ‘పొదెర్’ దగ్గర జాగ్రత్త అవసరం. ‘నో కేరీయా ఈర్’ అంటే వెళ్ళాలని లేదు అని మాత్రమే, చివరికి వెళ్ళానో లేదో ఆ మాట చెప్పదు. ‘నో కీసె ఈర్’ అంటే వెళ్ళనన్నాను, వెళ్ళలేదు. అలాగే అలమో అమ్మాయి గారి రోగి ‘నో పొదీయా లెబాంతార్ ఎల్ బ్రాసో’ అంటే చెయ్యి పైకి లేవని స్థితిలో ఉన్నానని చెబుతున్నాడు. ‘నో పూదె లెబాంతార్ ఎల్ బ్రాసో’ అంటే ఎత్తడానికి ప్రయత్నించాను, ఎత్తలేకపోయాను అని చెబుతున్నాడు. ఫిజియోథెరపీలో ఈ రెండూ ఒకటి కావనుకుంటాను.

అలమో_అమ్మాయి

ముమ్మాటికీ ఒకటి కావు. రెండవదాని వెంట నేను అడగవలసిన ప్రశ్నలు వేరు: ఎప్పుడు ప్రయత్నించారు, ఎంతవరకు లేచింది, ఎక్కడ ఆగింది. ఈ రెండు వాక్యాలనూ కాగితం మీద రాసి బల్ల దగ్గర అతికించుకుంటున్నాను.

అనంతసీమ

మజ్జిగ గారూ, ‘కోరుకొను’ అని ఉండాలి, మీ వాక్యంలో అది కొరుక్కునేలా పడింది.

మద్రిద్‌లో_మజ్జిగ

ఆకలి వేళ రాశాను, మన్నించాలి. ఇక్కడ రాత్రి భోజనం పదింటికి గాని పెట్టరు.

గ్వాదలహారా_గోపన్న

ఇందెఫినీదో, ఇంపెర్ఫెక్తో అన్న పేర్లు మా అమ్మాయి బడిలో వినిపించవు. మెక్సికో బడులలో మొదటిదాన్ని ‘ప్రెతెరీతో’ అనీ రెండవదాన్ని ‘కోప్రెతెరీతో’ అనీ అంటారు. కారకాస్‌లో పుట్టి చిలీలో స్థిరపడిన ఆంద్రెస్ బెయ్యో 1847లో అమెరికా ఖండాల స్పానిష్ వారి కోసం రాసిన వ్యాకరణంలో ఈ పేరు పెట్టాడు. స్పానిష్ అకాడమీ 2009లో తెచ్చిన కొత్త వ్యాకరణంలో రెండు పేర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి.

నా దృష్టిలో బెయ్యో పెట్టిన పేరే నేర్చుకునేవారికి మేలు చేస్తుంది. ‘ఇంపెర్ఫెక్తో’ అంటే అసంపూర్ణం అన్న అర్థం తోచి, ఆ పని పూర్తి కాలేదు కాబోలు అని పొరపడతాం. ‘కో’ అంటే ‘సహ’. గతంలోని మరొక సంగతితో సహవాసం చేస్తున్న పని అని ఆ పేరే చెబుతుంది. వాన పడుతోంది, దేనితో సహా? మేం ఇల్లు చేరడంతో సహా. ఇంపెర్ఫెక్తో వినిపించినప్పుడల్లా ‘దేనితో సహా’ అని అడిగితే దాని జంట వాక్యం దొరుకుతుంది.

మద్రిద్‌లో_మజ్జిగ

బాగుంది గాని, ఆ జంట అన్నిసార్లూ బయటకు కనబడదు. కాఫీ కొట్టులో ‘కేరీయా ఉన్ కఫే’ అంటారు. ఇప్పుడే కావాలి, అయినా భూతకాలం. దీన్ని మర్యాద కోసం వాడే ఇంపెర్ఫెక్తో అంటారు. దీని సహవాసి ఎవరు?

గ్వాదలహారా_గోపన్న

కొట్టులోకి అడుగు పెట్టిన క్షణం అనుకోండి. మనం మాత్రం పెద్దవారి దగ్గరకు వెళ్ళి ‘మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండీ’ అనమా? అడగాలని ఇప్పుడూ ఉంది, అయినా అనుకోవడాన్ని గతంలోకి తోసి అభ్యర్థనలోని ఒత్తిడిని తగ్గిస్తాం. మెక్సికో వారి ‘కేరీయా ప్రెగుంతార్లె’ కూడా అచ్చంగా అదే పని చేస్తుంది.

కృష్ణాతీరం

కథల మాట ఎవరూ ఎత్తలేదు. స్పానిష్ కథలు ‘అబీయా ఉనా బెస్ ఉన్ రేయ్’ అని మొదలవుతాయి. ‘అనగనగా ఒక రాజు ఉండేవాడు’ అన్న మాటకు ఇంతకంటే దగ్గరగా ఏ భాషయినా వస్తుందా? రాజు, రాజ్యం, ఏడుగురు కొడుకులు అంతా ఇంపెర్ఫెక్తో. ‘ఒకనాడు’ అనగానే, అంటే ‘ఉన్ దీయా’ అనగానే ఇందెఫినీదో మొదలై కథ కదులుతుంది.

గ్వాదలహారా_గోపన్న

మా అమ్మాయి స్నేహితురాళ్ళు ఆడుకునేటప్పుడు ‘యో ఏరా లా దొక్తోరా, తూ ఏరాస్ లా ఎన్ఫెర్మా’ అంటారు. నేను డాక్టరమ్మను, నువ్వు రోగివి అని పాత్రలు పంచుకోవడానికి కూడా ఈ రూపమే. మన పిల్లలు ‘నేను డాక్టర్నంట, నువ్వు రోగివంట’ అంటారు కదా, ఆ ‘అంట’ చేసే పనిని అక్కడ ఇంపెర్ఫెక్తో చేస్తుంది. మా అమ్మాయి ఇంట్లో ‘అంట’నూ వీధిలో ‘ఏరా’నూ ఏ పాఠమూ లేకుండానే మార్చి మార్చి వాడేస్తుంది.

కొత్తనీరు

ఆలస్యంగా చేరాను. పత్రికలలో ‘తొంభయ్యో నిమిషంలో గోలు చేశాడు’ అనడానికి ‘మర్కాబా’ అని ఇంపెర్ఫెక్తోలో రాస్తారు. గోలు అలవాటు కాదు, వర్ణన కాదు, క్షణంలో ముగిసే పని. మీ సూత్రాలన్నీ ఇక్కడ ఏమవుతాయి?

వ్యాకరణపిపాసి

దాన్ని కథన ఇంపెర్ఫెక్తో అంటారు. పూర్తయిన పనినే, అది కళ్ళ ముందు జరుగుతున్నట్టు నిలిపి చూపడానికి విలేకరులు, చరిత్రకారులు వాడే శైలి అది. తేదీనో నిమిషాన్నో పక్కన చెప్పడం వల్ల పని పూర్తయిందని పాఠకుడికి ఎలాగూ తెలుస్తుంది. చదివినప్పుడు గుర్తుపడితే చాలు, మాటల్లో వాడకండి. క్లినిక్కులో ఎవరైనా ‘నిన్న మూడింటికి పడిపోయాను’ అనడానికి ‘మె కయీయా’ అంటే వినేవారు తరువాత ఏమయిందని ఎదురుచూస్తూ కూర్చుంటారు. అక్కడ ‘మె కయీ’ అనే తీరాలి.

పరీక్షలపక్షి

‘ఎ కోమీదో’ అనే మరో భూతకాలం ఉంది కదా, స్పెయిన్ వారు ఈ ఉదయం తిన్నదానికి అదే వాడతారు, దాని సంగతి?

మద్రిద్‌లో_మజ్జిగ

మద్రిద్‌లో ఈ ఉదయానికి ‘ఎ కోమీదో’, నిన్నటికి ‘కోమీ’. మెక్సికోలో ఈ ఉదయానికి కూడా సాధారణంగా ‘కోమీ’ సరిపోతుంది. ఆ పోటీ ఆ రెండింటి మధ్యనే. ఇంపెర్ఫెక్తో చోటు మాత్రం రెండు దేశాలలోనూ ఒకటే. శాన్ ఆంటోనియోలో వినిపించేది ఎక్కువగా మెక్సికో స్పానిషే కాబట్టి అలమో అమ్మాయి గారు ప్రస్తుతానికి దీని జోలికి వెళ్ళనక్కరలేదు.

అలమో_అమ్మాయి

సంతోషం, ఉన్న రెండే చాలు. ఇంకొక్కటి అడుగుతాను. ‘యోబీయా’ అన్నా ‘ఎస్తాబా యోబియెందో’ అన్నా వాన పడుతోందనే చెబుతున్నారు. ఏది వాడాలి?

అనంతసీమ

సాగుతున్న పని అయితే ఏది వాడినా తప్పు లేదు, రెండవది ఆ క్షణాన్ని మరింత నొక్కి చెబుతుంది. అలవాటుకు మాత్రం మొదటిదే సహజం. ‘చిన్నప్పుడు ప్రతి ఆదివారం గుడికి వెళ్ళేవాణ్ణి’ అనడానికి ‘ఈబా’ అనాలి.

కొత్తనీరు

‘ఈబా’ అంటే గుర్తుకొచ్చింది. నిన్న నా సహోద్యోగి ‘ఈబా ఆ యమార్తె’ అంది. నాకు ఫోను చేసేదా, చేయబోయిందా? నిజానికి ఆమె నుంచి ఫోనేమీ రాలేదు.

వ్యాకరణపిపాసి

చేయబోయింది. ‘ఈర్ ఆ’ పక్కన మరో క్రియ వస్తే అది ఉద్దేశాన్ని చెబుతుంది, దాన్ని ఇంపెర్ఫెక్తోలో పెడితే ‘చేద్దామనే అనుకున్నాను, ఇంతలో...’ అన్న అర్థం వస్తుంది. ఆ ‘ఇంతలో’ తరువాత ఏమి జరిగిందో ఆమె ఇందెఫినీదోలో చెప్పి ఉండాలి.

కొత్తనీరు

చెప్పింది. ‘మె దోర్మీ’ అంది. నిద్రపోయిందట.